ద్రాక్షతోటకు దారి ఉంది, మిర్చి కళ్లానికి లేదు

ఫిబ్రవరి వచ్చిందంటే గుంటూరులో తుమ్ములు మొదలవుతాయి. కొత్త మిర్చి యార్డుకు చేరే రోజులవి. పల్నాడు, ప్రకాశం, కర్నూలు నుంచే కాదు, అటు ఖమ్మం నుంచి కూడా లారీలు బారులు తీరతాయి. హైదరాబాదు నుంచో బెంగళూరు నుంచో చుట్టాలు దిగారంటే, కాఫీ తాగగానే అడిగే మాట ఒక్కటే: "మీ మిర్చి యార్డు చూపించవా?"

చూపిస్తాం. తెలిసిన కమీషన్ ఏజెంటు పేరు చెప్పి లోపలికి వెళ్తాం. ముక్కుకు గుడ్డ కట్టుకుని పది నిమిషాలు తిరుగుతాం. పేర్చిన టిక్కీల, అంటే మిర్చి బస్తాల, పక్కన ఫొటోలు దిగి, దగ్గుకుంటూ బయటపడతాం. పోనీ ఒక కిలో కొనుక్కెళ్దామని చుట్టాలకు అనిపిస్తే అక్కడ కుదరదు. యార్డు లెక్కంతా టిక్కీల్లో, క్వింటాళ్లలో. చివరికి బస్టాండుకు వెళ్లే దారిలో ఏదో కిరాణా కొట్టులో కారం పొడి కట్టించుకుంటారు. అది మన గుంటూరు సన్నం రకం మిర్చేనా అని మాత్రం నన్ను అడగొద్దు.

రాష్ట్రంలో ఇప్పుడు టూరిజం మాట గట్టిగానే వినబడుతోంది. 2024 డిసెంబరులో వచ్చిన కొత్త పర్యాటక విధానం ఈ రంగానికి పరిశ్రమ హోదా ఇచ్చింది. పంట చుట్టూ టూరిజం అనగానే అందరూ చూపించే ఊరు మహారాష్ట్రలోని నాసిక్. "వాళ్లు ద్రాక్షతో చేశారు, మనం మిర్చితో చేయలేమా" అని మీటింగుల్లో తేలిగ్గా అనేస్తారు. నాసిక్‌లో అసలు జరిగిందేమిటో తెలిస్తే అంత తేలిగ్గా అనరు.

నాసిక్ ముందు నుంచీ తినే ద్రాక్షకు పేరున్న జిల్లా. అమెరికాలో కంప్యూటర్ కంపెనీ ఉద్యోగం వదులుకుని వచ్చిన రాజీవ్ సామంత్, గంగాపూర్ డ్యాం దగ్గర తమ కుటుంబానికి ఉన్న భూమిలో 1997లో వైన్ ద్రాక్ష వేశారు. తల్లి సులభ పేరు మీదుగా కంపెనీకి సూలా అని పేరు పెట్టారు. తొలి వైన్ 2000లో బయటికొచ్చింది. ఇంతవరకు ఇది ఒక మనిషి కథ. ఊరి కథగా మారింది 2001లో. ఆ ఏడాది మహారాష్ట్ర ప్రభుత్వం ద్రాక్ష ప్రాసెసింగ్ పరిశ్రమకంటూ ఒక విధానం తెచ్చింది. రాష్ట్రంలో పండిన ద్రాక్షతో రాష్ట్రంలోనే చేసే వైన్‌కు ఎక్సైజ్ సుంకం మినహాయించింది. నాసిక్ జిల్లా వించూర్‌లో వైన్ పార్కు పెట్టింది. అంతకుముందు వరకు ఎక్సైజ్ ఆఫీసు బల్ల మీదే ఉన్న ఫైలు, రైతు వ్యవహారం కూడా అయింది.

2005లో సూలా తోటలోనే టేస్టింగ్ రూం తెరిచింది. వచ్చినవాళ్లు తోటలో తిరిగి, వైన్ ఎలా తయారవుతుందో చూసి, అక్కడే రుచి చూసి, నచ్చితే సీసా కొనుక్కుని వెళ్లొచ్చు. ముంబై నుంచి నాలుగు గంటల ప్రయాణం కాబట్టి శనివారం బయల్దేరితే ఆదివారం రాత్రికి ఇల్లు చేరొచ్చు. తర్వాత తోటలోనే గదులు, రెస్టారెంటు వచ్చాయి. 2008 నుంచి సంగీతోత్సవం కూడా. పంట, తయారీ, అమ్మకం, బస అన్నీ ఒకే గేటు లోపల ఉండటానికి రూలు ఒప్పుకుంది. నా లెక్కలో నాసిక్ రహస్యం వైన్ కన్నా ఆ గేటులోనే ఎక్కువ ఉంది.

అలాగని అంతా సాఫీగా సాగలేదు. 2008 నవంబరులో ముంబై మీద దాడులు జరిగాయి. అప్పటికే ప్రపంచమంతా మాంద్యం. హోటళ్లు ఖాళీ అయ్యాయి, వైన్ అమ్మకాలు కూలబడ్డాయి. చిన్న వైనరీలు చాలా మూతబడ్డాయి. వైన్ ద్రాక్ష చిన్నగా, గింజలతో, మందపాటి తోలుతో ఉంటుంది. కంపెనీ కొనకపోతే బజారులో బుట్టలో పెట్టి అమ్ముకునే కాయ కాదది. చేసేదేముంది, రైతులు తీగలు పీకేసి మళ్లీ తినే ద్రాక్షకే వెళ్లారు. 2022 జనవరిలో సూపర్‌మార్కెట్లలో వైన్ అమ్మకానికి మహారాష్ట్ర మంత్రివర్గం సరేనంది. అన్నా హజారే దీక్షకు దిగుతానన్నారు, ప్రతిపక్షాలు గొడవ చేశాయి, ఆ నిర్ణయం అమల్లోకి రాకుండానే ఆగింది.

ద్రాక్ష మన తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. హైదరాబాదు అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష అంటే ఒకప్పుడు దేశమంతా తెలుసు. నగరం చుట్టూ ఉన్న ఆ పందిళ్లను ప్లాట్లు మింగేశాయి. వైన్ సంగతైతే చెప్పనే అక్కర్లేదు. మన వైన్ షాపులో వైన్ తప్ప అన్నీ దొరుకుతాయి! 1990ల్లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన సారా ఉద్యమం 1995లో సంపూర్ణ మద్యనిషేధం దాకా వెళ్లింది. అది 1997లో ఎత్తేశారు కానీ మందు, టూరిజం అనే రెండు మాటలు పక్కపక్కన పెట్టాలంటే ఇక్కడ ఏ ప్రభుత్వానికైనా ఇబ్బందే. అందుకే మనకు నాసిక్ నుంచి తెచ్చుకోదగ్గది సీసా కాదు.

పండగ చూడటానికి జనాన్ని రప్పించడం, ఆ పండగకు సరుకు తెప్పించడం ఈ నేలకు పాత విద్యే. గుంటూరుకు కాస్త దూరంలోని కొండవీడును 14వ శతాబ్దం చివర కుమారగిరిరెడ్డి ఏలినప్పుడు ఏటా వసంతోత్సవం జరిపించేవాడు. కర్పూరం, కస్తూరి, గంధం విరివిగా చల్లేవారట. ఆ సుగంధాలన్నీ సమకూర్చింది అవచి తిప్పయశెట్టి అనే వర్తకుడు. చీనా పట్టు, సింహళం ఏనుగులు, హురుమంజి (హోర్ముజ్) గుర్రాలు కూడా తెప్పించే స్థాయి వ్యాపారం ఆయనది. అప్పటికి మన దేశంలో మిర్చి అడుగే పెట్టలేదు. పోర్చుగీసుల ఓడల్లో అది వచ్చింది ఆ తర్వాత వందేళ్లకు పైనే.

మన కాలానికి వస్తే, గుంటూరు-విజయవాడ టూరిజం అంటే గుడి, నది, బౌద్ధం. దుర్గమ్మ కొండ, భవానీ ద్వీపం, ఉండవల్లి గుహలు, అమరావతి. 2006 జనవరిలో దలైలామా అమరావతిలో కాలచక్ర అనే బౌద్ధ దీక్షా కార్యక్రమం నిర్వహించినప్పుడు హిమాలయాల నుంచి, విదేశాల నుంచి వేలమంది వచ్చారు. తీర్థస్థలాల అభివృద్ధికి కేంద్రం తెచ్చిన ప్రసాద్ పథకం తొలి జాబితాలో అమరావతికి చోటు దక్కింది. డబ్బు ఎక్కువగా ఘాట్లకు, కట్టడాలకు వెళ్తుంది. వచ్చినవాడికి అన్నం పెట్టే మెస్సు, తిప్పే ఆటో, కొండపల్లిలో తెల్లపొణికి కర్రతో బొమ్మ చెక్కే ఇల్లు ఆ కాగితాల్లో టూరిజం కిందికి రావడం తక్కువ.

కాగితంలో లేకపోవడం ఎంత ఖరీదో రెండుసార్లు బయటపడింది. మొదటిది 2017 నవంబరు 12. ఇబ్రహీంపట్నం దగ్గర పవిత్ర సంగమంలో అనుమతి లేని ప్రైవేటు బోటు బోల్తాపడి ఇరవై మందికి పైగా చనిపోయారు. కార్తీకమాసం ఆదివారం, రద్దీ విపరీతం. రెండోది కరోనా. 2021 జూన్‌లో కేంద్రం టూరిజం వాళ్లకు హామీ లేని రుణాలు ప్రకటించింది: ట్రావెల్, టూరిజం సంస్థకు పది లక్షల వరకు, గైడుకు లక్ష వరకు. వినడానికి బాగుంది. కానీ అది ప్రభుత్వ గుర్తింపు ఉన్నవాళ్లకే. దేశం మొత్తం మీద 10,700 మంది గైడ్లకు, తొమ్మిది వందల పైచిలుకు సంస్థలకు అని లెక్క చెప్పారు. ఉండవల్లి మెట్ల దగ్గర నలభై ఏళ్లుగా కథ చెప్పి బతికే పెద్దాయన ఆ లెక్కలో ఎలా పడతాడు? ఆయన చెప్పేదాంట్లో సగం కల్పనే, అది వేరే సంగతి.

2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీశాక ఇంకో చిక్కు వచ్చింది. పాత గుంటూరు జిల్లాలోని కొండవీడు, అమరావతి ఊరు పల్నాడుకు వెళ్లాయి. సూర్యలంక బీచ్ బాపట్లకు వెళ్లింది. ఉండవల్లి, లాం వ్యవసాయ పరిశోధన ఫారం గుంటూరులో మిగిలాయి. కొండపల్లి ఎన్టీఆర్ జిల్లాది. రెండు రోజుల యాత్రకు ప్లాన్ వేస్తే నలుగురు కలెక్టర్ల పరిధి దాటాలి.

మిర్చికి ఇక్కడ లేనిదేమిటి? గుంటూరు సన్నానికి భౌగోళిక గుర్తింపు ఉంది. లాంలో పరిశోధన కేంద్రం ఉంది. ఎడ్లపాడు మండలం వంకాయలపాడులో స్పైసెస్ పార్కు ఉంది. చైనాకు, థాయ్‌లాండ్‌కు సరుకు వెళ్తోంది. కానీ 2025 ఫిబ్రవరిలో ధర కుప్పకూలి, క్వింటాలుకు 11,781 రూపాయల ధర ప్రకటించి కేంద్రం జోక్యం చేసుకోవాల్సి వచ్చినప్పుడు, రైతుకు యార్డు తప్ప వేరే గుమ్మం లేదని తేలిపోయింది. టూరిజం వస్తే ఆ ధర నిలబడేదని నేను అనను. టిక్కీల లెక్కకు చుట్టాల కిలోలు ఏ మూలకు? లాభపడేది కళ్లం పక్కన రెండు గదులు వేసుకునే రైతు, తొడిమలు తీసే పని మానేసి కారం కొట్టి పొట్లాలు కట్టే ఆడవాళ్లు, సీజనంతా యార్డు చుట్టూ తిరిగే ఆటోవాళ్లు. ముందు వాళ్లకు ఒక పేరు, ఒక లైసెన్సు, కిలో అమ్ముకునే వీలు కావాలి. యార్డు గేటు దగ్గర సన్నం ముద్ర ఉన్న పొట్లం అమ్మే ఒక్క కొట్టుతో మొదలుపెట్టినా సరిపోతుంది.

ఇంకో చిన్న సంగతి. పిల్లలకు బడి సెలవులిచ్చి జనం ఊళ్లు తిరిగేది మే నెలలో. ఎండలకు మిర్చి యార్డుకు సెలవులిచ్చేదీ ఆ నెలలోనే.