క్రియోసోట్ వ్యాగన్‌లో నీళ్లు అడుగున వెతక్కండి: కొన్ని అపోహలు, వాస్తవాలు

అపోహ: నూనె పైన, నీళ్లు కింద. అడుగు వాల్వు కాస్త తిప్పి నీళ్లు వదిలేస్తే సరిపోతుంది.

అమెరికాలో రైలు పట్టాల కింది చెక్క స్లీపర్లకు, కుళ్లిపోకుండా, క్రియోసోట్ అనే తారు నూనె పట్టించే ప్లాంట్లలో, ఆ నూనె ట్యాంకు వ్యాగన్ వచ్చినప్పుడు తరచూ వినిపించే మాట ఇది. డీజిల్ డిపోల్లోనో, మనవైపు పెట్రోల్ బంకుల్లోనో చేయి తిరిగినవాళ్లు మరీ ధీమాగా అంటారు. లోతు కొలిచే డిప్ రాడ్ కొసకి, నీళ్లు తగిలితే రంగు మారే పేస్టు పూసి అడుగుదాకా దించుతారు. కొస దగ్గర రంగు మారదు. "నీళ్లు లేవు" అని రిజిస్టర్లో రాసేస్తారు.

వాస్తవం: డీజిల్ నీటికంటే తేలిక. తారు నుంచి తీసే క్రియోసోట్ నీటికంటే బరువు. 38 డిగ్రీల సెల్సియస్ దగ్గర దాని సాపేక్ష సాంద్రత సాధారణంగా 1.07, ఆపైన. అంటే నీళ్లు పైన తేలతాయి. అడుగు వాల్వు తిప్పితే పోయేది డబ్బు పెట్టి కొన్న సరుకు. నీళ్లు మాత్రం చివరిదాకా లోపలే ఉండి, ఆఖర్న పంపులోకి వస్తాయి.

నష్టం ఎంతో చూడండి. 20,000 గాలన్ల వ్యాగన్‌లో 3 శాతం నీళ్లంటే 600 గాలన్లు. 7×9 అంగుళాల మందం, ఎనిమిదిన్నర అడుగుల పొడవున్న స్లీపరుకు, ఘనపు అడుగుకి 7 పౌండ్ల లెక్కన, పట్టేది సుమారు 3 గాలన్లు. రెండొందల స్లీపర్ల సరుకు బదులు నీళ్లకు బిల్లు కట్టినట్టు. పైగా ట్యాంకు గేజీ చూసి "కలప ఇంత తాగింది" అని లెక్క వేస్తాం కదా, అందులో నీళ్లూ కలిసిపోతాయి. కాగితం మీద 7 పౌండ్లు ఉంటుంది, కలపకి బొరియ వేసి పరీక్షిస్తే తక్కువ తేలుతుంది. ఇంకా ప్రమాదం, నీళ్లున్న నూనె 90 డిగ్రీల సెల్సియస్ వేడితో, స్లీపర్లకి నూనె పట్టించే సిలిండర్లోకి వెళ్లాక వ్యాక్యూమ్ లాగినప్పుడు. 24 అంగుళాల (పాదరసం కొలత) వ్యాక్యూమ్‌లో నీళ్లు 60 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. నురగ పొంగి కండెన్సర్లోకి ఎక్కుతుంది, ఆ రోజు పని ఆగిపోతుంది.

కాబట్టి శాంపిల్ మూడు చోట్ల తీయాలి: పైన, మధ్యలో, అడుగున. బరువు కట్టి, బిరడాని తాడుతో లాగగలిగే సీసా చాలు. జైలీన్ అనే ద్రావకంతో కలిపి, నీటిని విడదీసి కొలిచే డీన్-స్టార్క్ గొట్టం పెట్టి మరిగిస్తే నీటి శాతం తెలుస్తుంది. పైపొర నీళ్లను మ్యాన్‌హోల్ నుంచి హోస్‌తో తోడి నూనెనీ నీటినీ విడదీసే ప్లాంటు సెపరేటర్‌కి పంపాలి, వాన కాలువలోకి కాదు. ఒక్క మినహాయింపు: పెట్రోలియం నూనె కలిపిన క్రియోసోట్ సాంద్రత నీటికి దగ్గరగా ఉంటుంది. అందులో నీళ్లు పైనా తేలవు, కిందా దిగవు, మధ్యలో వేలాడుతుంటాయి. దానికి ఒకచోటి శాంపిల్‌ని అసలే నమ్మకండి.

అపోహ: డిప్ చూసిన గాలన్లే వచ్చిన గాలన్లు.

క్రియోసోట్‌ని 100 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గరి పరిమాణంతో లెక్కిస్తారు. ప్రతి 22.5 డిగ్రీల తేడాకీ దాదాపు 1 శాతం మారుతుంది. 145 డిగ్రీల దగ్గర 20,000 గాలన్లు కనిపిస్తే అసలు సరుకు 19,600. థర్మామీటర్ మధ్యలో పెట్టండి, గోడ పక్కన కాదు.

అపోహ: వాల్వు తిరగలేదంటే పాడైనట్టే, గునపం వేసి తిప్పాలి.

చలికి నాఫ్తలీన్, ఆంత్రసీన్ లాంటివి గడ్డకట్టి అడుగున దిగుతాయి, వాల్వు బిగుసుకుంటుంది. గునపం వేస్తే విరిగేది వాల్వు కాడ. బ్రేకులు వేసి, చక్రాలకు అడ్డు పెట్టి, హెచ్చరిక బోర్డు తగిలించి, మెల్లగా ఆవిరి పట్టండి. కాయిల్స్ (ఆవిరి పారే గొట్టాలు) వ్యాగన్ లోపల ఉంటే, వాటినుంచి బయటికొచ్చే నీటిలో నూనె జిడ్డు కనిపించగానే ఆవిరి ఆపేయాలి, కాయిల్ చిల్లుపడిందన్నమాట. చాలాసార్లు నీళ్లు చేరేది ఆ దారినే! పంపు మొదలెట్టే ముందు పైన గాలికి దారి తెరవడం మర్చిపోతే, ఇనుప ట్యాంకు కూడా లోపలికి నొక్కుకుపోతుంది.

ఖాళీ వ్యాగన్ ఖాళీ కాదు, అడుగున మిగిలిన సరుకూ ఆవిరీ ఉంటాయి. గాలి పరీక్షించకుండా లోపలికి దిగకూడదు.

పాత స్లీపర్ ఎండిపోయిందని పెరట్లో గోంగూర మడికి అంచుగా పెట్టేవాళ్లున్నారు. పెట్టకండి. అమెరికాలో క్రియోసోట్‌కి ఇళ్ల వాడకానికి అనుమతే లేదు. ఎండ కాస్తే ఆ పాత చెక్కలోంచి కూడా నల్లటి నూనె ఊరుతుంది.

ఇక "వాసన పీలిస్తేనే క్యాన్సర్" అని భయపడే ఇంటివాళ్లకి: క్రియోసోట్ ఐఏఆర్‌సీ (ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం) జాబితాలో 2ఎ వర్గంలో, అంటే బహుశా క్యాన్సర్ కలిగించేవాటిలో ఉంది, తేలిగ్గా తీసుకునేది కాదు. కానీ ఒక్కరోజు వాసన తగిలిందని హడలిపోవద్దు. జాగ్రత్త పడాల్సింది ఏళ్ల తరబడి ఒంటికి అంటుకోవడం గురించి. పని బట్టలు ప్లాంటులోనే మార్చుకోవాలి, వేరుగా ఉతకాలి. చర్మానికి అంటితే సబ్బు, నీళ్లు వాడాలి. కిరోసిన్, థిన్నర్ వద్దు. కడిగేదాకా ఎండలోకి వెళ్లొద్దు, క్రియోసోట్ అంటిన చర్మం ఎండకి బాగా కాలుతుంది.