పర్లాకిమిడి పాత మేడలు: అపోహలు - వాస్తవాలు

ఒడిశాలోని పర్లాకిమిడిలో బృందావన్ ప్యాలెస్ ఊసెత్తితే రాబర్ట్ ఫెలోస్ చిజమ్ పేరు వచ్చి తీరుతుంది. నక్షా ఆయనదేనని ఊళ్లో గట్టిగా చెబుతారు. 1936 దాకా ఈ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాది, చిజమ్ ఆ మద్రాసు ప్రభుత్వానికి ఆర్కిటెక్టు. దాంతో గుమ్మటం కనిపించిన ప్రతి మేడనీ ఆయనకే కట్టబెట్టేస్తున్నారు.

అపోహ: కమాను చూస్తే చాలు, చిజమ్ పని పట్టెయ్యొచ్చు.

వాస్తవం: ఆయన శైలి ఊరినిబట్టి మారింది. 1880లో పూర్తయిన తిరువనంతపురం నేపియర్ మ్యూజియంలో కేరళ వాలు కప్పులు కనిపిస్తాయి. మద్రాసు సెనేట్ హౌస్‌లో బైజాంటైన్ (పాత తూర్పు రోమను సామ్రాజ్యపు) పోకడలున్నాయి. బరోడా లక్ష్మీ విలాస్ ప్యాలెస్ మొదలుపెట్టింది చార్లెస్ మాంట్; 1881లో ఆయన పోయాక పూర్తిచేసింది చిజమ్. ఇలా ఒకే భవనంలో ఇద్దరి చెయ్యి పడినప్పుడు కమాను ఏం చెబుతుంది? సంతకమున్న నక్షా, ఉత్తరం, కూలి లెక్కల పుస్తకం కావాలి. అవి దొరకనప్పుడు మిగిలే దస్తావేజు గోడే. ఇటుక కొలత, సున్నంలో ఇసుక పాలు, ఏ పూత మీద ఏ పూత పడిందన్నది చూసి ఏ భాగం ముందు కట్టారో, ఏది తర్వాత చేర్చారో చెప్పొచ్చు. ఆ గోడ మీద సిమెంటు పూసేస్తే ఇల్లూ పాడవుతుంది, దాని చరిత్రా పోతుంది.

అపోహ: పాత గోడకు సిమెంటు పూస్తే బలం.

వాస్తవం: పాత మేడలు బాగుచేసే మాకు ఎక్కువ కష్టం కలిగించే నమ్మకం ఇదే. పునాది నుంచి ఎక్కిన తేమ సున్నపు పూతలోంచి గాలికి ఆరిపోతుంది. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. తేమ ఇంకా పైకి ఎక్కుతుంది, దాంతోపాటు వచ్చిన లవణాలు పూత వెనక పేరుకుని ఇటుకను పొడి పొడిగా రాల్చేస్తాయి. రెండు మూడు వానాకాలాల్లో పూత పెచ్చులుగా ఊడుతుంది, ఇటుక ముఖాన్ని కూడా పట్టుకుపోతుంది.

చెయ్యాల్సింది: సిమెంటును చిన్న ఉలితో నెమ్మదిగా తీసి, గోడను ఒక ఎండాకాలం ఆరనివ్వాలి. కనీసం నెల నానిన సున్నం ఒక పాలు, కడిగిన ఇసుక మూడు పాళ్లు కలపాలి. ఒక్కో పూత 10-12 మిల్లీమీటర్లు మించకూడదు. తడి గోనెలు కప్పి వారం రోజులు చెమ్మ నిలపాలి. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువు పీల్చి గట్టిపడుతుంది కాబట్టి తొందరపెట్టి రెండో పూత వేస్తే లోపలిది మెత్తగానే ఉండిపోతుంది.

పని మొదలెట్టకముందే పాత పూత ముక్క ఒకటి దాచాలి. దాన్ని పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వేస్తే సున్నం పొంగి కరుగుతుంది. మిగిలిన ఇసుకను కడిగి ఆరబెట్టి తూస్తే పాళ్లు తెలుస్తాయి. ఇసుకలో గవ్వ ముక్కలుంటే అవీ కరుగుతాయి, లెక్క తప్పుతుంది. సముద్రం వైపు ఊళ్లలో ముందు భూతద్దంతో చూసుకోవాలి.

అపోహ: కోడిగుడ్డు సొన కలిపే గోడలు లేపారు.

వాస్తవం: సొన వాడింది నున్నటి పైపూత మెరుపుకి. గోడ కట్టే సున్నంలో బెల్లం, కరక్కాయ నీళ్లు కలిపేవారు. బెల్లం మోతాదు మించితే సున్నం గట్టిపడటం ఆలస్యమవుతుంది.

అపోహ: మిద్దె కారుతుంటే పైన ఇంకో పొర పోస్తే సరి.

వాస్తవం: మద్రాసు మిద్దెలో దూలాల మీద పలచటి ఇటుకలను అంచున నిలబెట్టి, ఐమూలగా సున్నంతో పేరుస్తారు. పైన మూడంగుళాల ఇటుక జల్లి, సున్నం వేసి కొయ్య బడితెలతో కొట్టి గట్టిపరుస్తారు. దాని మీద రెండంగుళాల సిమెంటు పొర వేస్తే చదరపు మీటరుకు సుమారు 100 కిలోలు పెరుగుతాయి. అయిదంగుళాల కాంక్రీటు శ్లాబైతే 300 పైనే. ఆ బరువంతా గోడలో దిగిన దూలం కొస మీద పడుతుంది. కారిన నీళ్లకు ముందు కుళ్లేదీ ఆ కొసే. 2018 తిత్లీ లాంటి తుపాను దాటాక మొదట చూడాల్సింది అక్కడే: సన్నని ఇనుప చువ్వతో పొడవాలి, సులువుగా దిగితే కింద ఆనుడు నిలిపాకే మిద్దె మీదికి మనిషిని ఎక్కించాలి.