పెళ్లి పందిట్లో పాత డీఎస్ఎల్ఆర్, కొత్త డీఎస్ఎల్ఆర్: అపోహలు - వాస్తవాలు

బెజవాడ, గుంటూరు స్టూడియోల్లో ఇప్పటికీ డ్యూటీ చేస్తున్న డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉండే, లెన్స్ మార్చుకునే కెమెరా) బాడీలన్నీ ఒక టేబుల్ మీద పెడితే చాలా ఏళ్ల చరిత్ర కనిపిస్తుంది. 2008 నాటి నికాన్ డీ90, డీ700. 2012 నాటి కెనాన్ 5డీ మార్క్ 3, 6డీ. తర్వాత వచ్చిన డీ750 (2014), 5డీ మార్క్ 4 (2016). పగటిపూట ఆరుబయట తీసిన గ్రూపు ఫొటోలు పక్కపక్కన పెడితే ఏది ఏ బాడీదో చెప్పడం మనలో చాలామంది వల్ల కాదు. రాత్రి రెండు గంటల ముహూర్తంలో, హోమం పొగలో, ఎల్ఈడీ వాల్ ముందు మాత్రం ఒక్కొక్కటీ తన వయసు చెప్పేస్తుంది. అందుకే పోలిక అక్కడి నుంచే చేయాలి. ఈ విషయంలో షాపుల్లో, వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే మాటలు కొన్ని, వాటి నిజానిజాలు ఇవి.

అపోహ: 12 నుంచి 24 మెగాపిక్సెల్‌కు మారితే క్లారిటీ డబుల్

పిక్సెళ్ల సంఖ్య డబుల్ అవుతుంది. పొడవు వెంట చూస్తే పెరిగేది 1.4 రెట్లే. డీ90 ఫొటో 4288 × 2848 పిక్సెళ్లు. దాన్ని 12×18 పేజీ నిండా వేస్తే అంగుళానికి 238 పిక్సెళ్లు పడతాయి. డీ750 ఫొటో (6016 × 4016) అయితే 334. ల్యాబ్ వాళ్లు 300 అడుగుతారు గానీ, ఆల్బం ఒళ్లో పెట్టుకుని చూసే దూరంలో 238 కూడా బాగానే ఉంటుంది. పాత బాడీ దొరికిపోయేది 12×36 స్ప్రెడ్ మీద ఈ చివర నుంచి ఆ చివరి దాకా ఒకే ఫొటో వేసినప్పుడు. అక్కడ దానికి 119 పిక్సెళ్లే మిగులుతాయి. జడ మీద పూల అల్లిక ముద్దగా కనిపిస్తుంది. వెనక వరసలో నిలబడి తీసి తర్వాత సగానికి సగం క్రాప్ చేసేవాళ్లకూ ఇదే ఇబ్బంది.

కెమెరాతో పాటు వచ్చే కిట్ లెన్స్‌తోనే తీస్తుంటే ఈ లెక్కంతా పక్కన పెట్టండి. 18-55 లెన్స్‌ను పూర్తిగా తెరిచి తీస్తే మూలల్లో 24 మెగాపిక్సెల్‌కు తగిన వివరం రాదు. ఆ డబ్బు లెన్స్ మీద పెట్టడం మేలు.

అపోహ: కొత్త సెన్సార్‌లో గ్రెయిన్స్ ఉండవు

గ్రెయిన్స్ అంటే ఫొటోలో చుక్కచుక్కలుగా కనిపించే నాయిస్. ముందు పోల్చే తీరు సరిచేసుకోవాలి. రెండు ఫొటోలనూ 100 శాతం జూమ్ చేసి చూడటం తప్పు. ఎక్కువ మెగాపిక్సెళ్ల ఫొటో ఎక్కువ పెద్దదై కనిపిస్తుంది, దాని గ్రెయిన్స్ కూడా పెద్దవవుతాయి. ఒకే లెన్స్, ఒకే అపర్చర్, ఒకే షట్టర్, ట్రైపాడ్ మీద రా ఫైల్ (కెమెరా మెరుగులు దిద్దని అసలు డేటా). తర్వాత పెద్ద ఫొటోను చిన్నదాని సైజుకు తగ్గించి పక్కపక్కన పెట్టాలి. జేపెగ్‌లు పోలిస్తే మీరు చూసేది కెమెరా చేసిన నాయిస్ రిడక్షన్‌నే.

ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే మేర) 3200 దగ్గర సెన్సార్ వయసు కంటే సైజు ఎక్కువ మాట్లాడుతుంది. ఫుల్‌ఫ్రేమ్ (పాత ఫిల్మ్ సైజు సెన్సార్) వైశాల్యం, చిన్నదైన క్రాప్ సెన్సార్‌కు రెండు రెట్ల పైనే. అందుకే 2008 నాటి డీ700 రాత్రి పెళ్లిలో ఇప్పటికీ పరువు నిలుపుకుంటుంది.

ఐఎస్ఓ 100 దగ్గర కథ వేరు. సాయంత్రం ప్రకాశం బ్యారేజీ మీంచి ఎగువకు, భవానీ ద్వీపం వైపు కెమెరా తిప్పండి. ఆకాశం తెల్లగా పేలిపోకుండా ఎక్స్‌పోజర్ పెట్టి రాలో తీయండి. ద్వీపం మీది చెట్లు నల్లగా వస్తాయి. కంప్యూటర్‌లో ఆ నలుపును మూడు స్టాపులు (ఒక్కో స్టాపుకు వెలుతురు రెట్టింపు) పైకి లేపండి. 5డీ మార్క్ 3 ఫైల్‌లో చెట్ల మీద చారలు తేలతాయి, రంగు గ్రెయిన్స్ చిమ్ముతాయి. డీ750లో, 5డీ మార్క్ 4లో ఆకులు శుభ్రంగా బయటికొస్తాయి. కారణం ఏమిటంటే, పిక్సెల్ సిగ్నల్‌ను అంకెలుగా మార్చే పని మార్క్ 3లో సెన్సార్ బయట వేరే చిప్‌లో జరుగుతుంది. దారిలో ఎలక్ట్రానిక్ రొద కలుస్తుంది. కెనాన్ 2016లో 80డీ, 5డీ మార్క్ 4లతో ఆ పనిని సెన్సార్ మీదికే తెచ్చింది. సోనీ సెన్సార్ వాడిన నికాన్ బాడీల్లో అది అంతకు ముందు నుంచే ఉంది. అందుకే 2010 నాటి డీ7000, క్రాప్ బాడీ అయి కూడా, ఐఎస్ఓ 100లో నీడలు లేపే పనిలో తనకంటే రెండేళ్లు చిన్నదైన ఫుల్‌ఫ్రేమ్ మార్క్ 3ను దాటిపోతుంది. ఐఎస్ఓ 3200కు వచ్చేసరికి మార్క్ 3దే పైచేయి. ఇక 2017లో వచ్చిన 6డీ మార్క్ 2కు ఈ మార్పు అందనేలేదు. నీడల విషయంలో అది పాత 6డీ కంటే చెప్పుకోదగ్గ మెరుగేమీ కాదు. డబ్బా మీద సంవత్సరం చూసి కొనకూడదని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

అపోహ: ఫోకస్ పాయింట్లు ఎన్ని ఉంటే అంత మంచిది

6డీలో 11 పాయింట్లే, 5డీ మార్క్ 3లో 61. కానీ 6డీ మధ్య పాయింట్ మైనస్ 3 ఈవీ (వెలుతురు కొలత, అంకె తగ్గేకొద్దీ చీకటి) దాకా పట్టుకుంటుంది, మార్క్ 3 మైనస్ 2 దాకానే. లైట్లన్నీ ఆపేసి దీపాల వెలుగులో తీయాల్సి వస్తే, ఆ ఒక్క పాయింట్ మీద మాత్రం, తక్కువ ధర బాడీయే నయం.

ఇబ్బందల్లా అది మధ్యలో ఉండటమే. ఫోకస్ లాక్ చేసి ఫ్రేమ్ పక్కకు తిప్పుతాం కదా, 85 ఎంఎం లెన్స్ ఎఫ్/1.8లో, రెండు మీటర్ల దూరంలో, ముందూ వెనకా కలిపి ఫోకస్‌లో ఉండేది దాదాపు 6 సెంటీమీటర్లు. పది డిగ్రీలు తిప్పితే ఫోకస్ తలం 3 సెంటీమీటర్లు జరుగుతుంది. కళ్లు మెత్తబడి, వెనక చెవి జుంకీ షార్ప్‌గా వస్తుంది. పాయింట్లు ఫ్రేమ్ అంచుల దాకా పరుచుకున్న బాడీ విలువ అక్కడే తెలుస్తుంది.

జీలకర్ర-బెల్లం వేళ చూడండి. అడ్డుతెర పట్టుకుని ఉంటారు. కెమెరా ఆటో ఏరియాలో (ఫోకస్ పాయింట్‌ను కెమెరాయే ఎంచుకునే మోడ్) ఉంటే పాతదైనా కొత్తదైనా దగ్గరగా, గీతలు స్పష్టంగా ఉన్న జరీ అంచునే పట్టుకుంటుంది. తెర దించాక పెళ్లికూతురి మొహానికి మారేలోపు ఆ చూపు అయిపోతుంది. సింగిల్ పాయింట్ పెట్టుకోవాలి. ఫోకస్‌ను షట్టర్ బటన్ నుంచి తీసేసి వెనక ఏఎఫ్-ఆన్ బటన్‌కు ఇవ్వాలి. తెర అడ్డు పెట్టక ముందే మొహం దూరానికి ఫోకస్ చేసి బొటనవేలు తీసేయాలి. డీ90లో ఏఎఫ్-ఆన్ బటన్ విడిగా లేదు, ఏఈ-ఎల్/ఏఎఫ్-ఎల్ బటన్‌కు ఆ పని అప్పగించొచ్చు. ఇది తెలిసినవాడి చేతిలో 11 పాయింట్లు చాలు.

వ్యూఫైండర్‌లో ఎంత జాగ్రత్తగా తీసినా ఎప్పుడూ ముక్కు మీదో చెవి మీదో ఫోకస్ పడుతుంటే తప్పు మీది కాకపోవచ్చు. డీఎస్ఎల్ఆర్‌లో వ్యూఫైండర్ ఫోకస్‌కు అద్దం కింద వేరే సెన్సార్ ఉంటుంది. దానికీ లెన్స్‌కూ పొత్తు కుదరకపోతే ఇలా అవుతుంది. ట్రైపాడ్ వేసి, 50 ఎంఎం లెన్స్ అయితే సుమారు రెండున్నర మీటర్ల దూరంలో ముద్రించిన కాగితం గోడకు అంటించి, ఒకటి లైవ్ వ్యూలో (వెనక స్క్రీన్ చూస్తూ), ఒకటి వ్యూఫైండర్‌లో తీసి పోల్చండి. రెండోదే మెత్తగా ఉంటే ఏఎఫ్ మైక్రో అడ్జస్ట్‌మెంట్‌లో సరిచేయాలి. నికాన్‌లో దీన్ని ఏఎఫ్ ఫైన్ ట్యూన్ అంటారు. 5డీ మార్క్ 2, 7డీ, 6డీ, డీ7000, డీ750లలో ఇది ఉంది. 60డీ, 700డీలలో లేదు, సర్వీస్‌కు ఇవ్వాల్సిందే.

అపోహ: ఎల్ఈడీ వాల్ చారలు పాత కెమెరా లోపం

మన కరెంటు 50 హెర్ట్జ్. చోక్ ఉన్న ట్యూబ్‌లైటు సెకనుకు 100 సార్లు వెలిగి తగ్గుతుంది. షట్టర్ 1/250 సెకనులో తీస్తే ఒక ఫ్రేమ్ పసుపు, తర్వాతిది నీలం. 1/50 లేదా 1/100 పెడితే కనీసం ఒక పూర్తి విడత ఫ్రేమ్‌లో పడి కుదురుతుంది. 80డీ, 5డీ మార్క్ 4లలో ఉండే యాంటీ ఫ్లికర్ ఈ వెలుగు పైకి లేచిన క్షణం చూసి షట్టర్ వదులుతుంది. 6డీ, 5డీ మార్క్ 3లలో అది లేదు. ఇక్కడ కొత్తదానికి నిజంగా లాభం ఉంది.

ఎల్ఈడీ వాల్ అంతకంటే చాలా వేగంగా ఆరి వెలుగుతుంది, దానికి ఈ సదుపాయం పనిచేయదు. షట్టర్ 1/100 లేదా అంతకంటే తగ్గించడం, వాల్ బ్రైట్‌నెస్ పెంచమని ఆపరేటర్‌ను అడగడం, ఇవే మార్గాలు. చాలా వాల్స్ వెలుతురు తగ్గించాలంటే ఆరి ఉండే సమయాన్ని పెంచుతాయి, కాబట్టి డిమ్ చేస్తే చారలు ఇంకా ఎక్కువవుతాయి. జనరేటర్ మీద నడిచేటప్పుడు ఆ 50 కూడా నిలకడగా ఉండదు. వీడియోలో చారలు మెల్లగా జారుతుంటే కెమెరాను తిట్టకండి.

అపోహ: కంపెనీ ఒకటే అయితే లెన్సు, ఫ్లాష్, కార్డు అన్నీ కలుస్తాయి

సగమే నిజం. నికాన్ పాత ఏఎఫ్-డీ లెన్సులకు ఫోకస్ తిప్పే మోటార్ బాడీలోనే ఉండాలి. పాత డీ90లో ఉంది, దానికంటే కొత్త డీ5600లో లేదు. తిరగేసి చూస్తే, కొత్త ఏఎఫ్-పీ లెన్సులు డీ90 మీద ఫోకసే చేయవు. క్రాప్ బాడీల కోసం చేసిన కెనాన్ ఈఎఫ్-ఎస్ లెన్స్ ఫుల్‌ఫ్రేమ్ డీఎస్ఎల్ఆర్‌కు ఎక్కదు.

కెనాన్ 200డీ మార్క్ 2 కొత్త మోడలే. దాని హాట్‌షూ (పైన ఫ్లాష్ తగిలించే చోటు) మధ్యలో ఉండాల్సిన పిన్ తీసేశారు. ఒక్క పిన్ మీద పనిచేసే చవక ట్రిగ్గర్లు (దూరంగా ఉన్న ఫ్లాష్‌ను కొట్టించేవి) దాని మీద వెలగవు. పాత 700డీ మీద అదే ట్రిగ్గర్ హాయిగా కొడుతుంది. స్టూడియో లైట్లు ఉన్నవాళ్లు ఇది చూసుకోకుండా కొంటే ట్రిగ్గర్లు కూడా మళ్లీ కొనాలి.

డీ90 లాంటి పాత బాడీ 32 జీబీ ఎస్‌డీహెచ్‌సీ కార్డు దాకానే ఒప్పుకుంటుంది. 5డీ మార్క్ 3లో సీఎఫ్ కార్డుకు ఒకటి, ఎస్‌డీ కార్డుకు ఒకటి రెండు స్లాట్లున్నా ఎస్‌డీ స్లాట్ నెమ్మది. రెండింటిలోనూ రా రాయమంటే తలంబ్రాల మధ్యలో బఫర్ (కెమెరా తాత్కాలిక మెమరీ) నిండి కెమెరా ఆగిపోతుంది. సీఎఫ్‌లో రా, ఎస్‌డీలో చిన్న జేపెగ్ పెట్టుకోండి.

90డీ లాంటి కొత్త బాడీ రా ఫైల్ సీఆర్3. పాత ఫొటోషాప్ వాడే డిజైనర్ దగ్గర అది తెరుచుకోదు. అడోబీ డీఎన్‌జీ కన్వర్టర్ ఉచితం, దాంతో మార్చి ఇవ్వండి.

అపోహ: పాత సీసీడీ రంగులు కొత్తవాటికి రావు

రంగును నిర్ణయించేది సెన్సార్ మీది రంగు ఫిల్టర్, వైట్ బ్యాలెన్స్, రా తెరిచే ప్రొఫైల్. సెన్సార్ పాత రకం సీసీడీయా, ఇప్పటి రకం సీమాసా అన్నది కాదు. గుంటూరు మిర్చి యార్డులో ఎండబోసిన మిరపకాయలు తీసినప్పుడు అసలు చిక్కు వేరే. ఎరుపు ఛానల్ ఒక్కటే నిండిపోతుంది, కాయ మీది ముడతలు పోయి ఎర్రటి ముద్ద మిగులుతుంది. మామూలు హిస్టోగ్రామ్ (ఫొటోలో వెలుతురు ఎక్కడెంతో చూపే గ్రాఫ్) అంతా బాగానే ఉందంటుంది. ఆర్‌జీబీ హిస్టోగ్రామ్‌లో ఎరుపు కుడి గోడకు గుద్దుకుంటుంటే ఎక్స్‌పోజర్‌ను స్టాపులో మూడింట రెండొంతులు తగ్గించండి. పాత కొత్త తేడా లేదు. కుంకుమ రంగు పట్టుచీరకూ అంతే. యార్డులో లెన్స్ మాత్రం మార్చకండి, ఆ ఘాటు దుమ్ము మీ ముక్కును వదిలినా సెన్సార్‌ను వదలదు.

అపోహ: షట్టర్ కౌంట్ లక్షన్నర దాటితే బాడీ చచ్చినట్టే

షట్టర్ కౌంట్ అంటే ఇప్పటిదాకా షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందన్న లెక్క. కెనాన్, నికాన్ 2020 తర్వాత కొత్త డీఎస్ఎల్ఆర్ తేలేదు. ఇప్పుడు కొనేది ఎక్కువగా సెకండ్ హ్యాండే, కాబట్టి ఈ మాట ముఖ్యం. 5డీ మార్క్ 3, మార్క్ 4, డీ700, డీ750లకు 1,50,000, డీ850కి 2,00,000 అన్నవి కంపెనీ పరీక్ష అంకెలు. అది గడువు తేదీ కాదు, షట్టర్ పోతే మార్చుకోవచ్చు కూడా. నికాన్ ఆ లెక్కను ఫొటో ఫైల్లోనే రాస్తుంది, ఎగ్జిఫ్‌టూల్ అనే సాఫ్ట్‌వేర్‌లో కనిపిస్తుంది. కెనాన్ బాడీలు చాలావరకు రాయవు, కేబుల్ పెట్టి సాఫ్ట్‌వేర్‌తో చూడాలి. ఫైలు పేరులోని నంబరు 9999 తర్వాత మళ్లీ 0001కి వస్తుంది, దాన్ని చూపించి అమ్మేవాళ్లను నమ్మొద్దు. వీడియో గంటలు ఈ లెక్కలో చేరవు. పది వేల కౌంట్ ఉన్న బాడీ వందల గంటలు వీడియో తీసి ఉండొచ్చు.

కొనేముందు ఎఫ్/16, ఐఎస్ఓ 100, మాన్యువల్ ఫోకస్ అనంతం దగ్గర పెట్టి, తెల్లగోడకు దగ్గరగా కెమెరా కాస్త కదుపుతూ ఒక ఫొటో తీయండి. కదలని మచ్చలు సెన్సార్ మీదివి. ఫొటోలో పైన కనిపించింది, ముందు నుంచి సెన్సార్ చూస్తే కింద ఉంటుంది. ఎడమ కుడి మారవు. అద్దం లేపి, బాడీ మౌంట్ కిందికి పెట్టి, రబ్బరు బ్లోయర్‌తో కొట్టి మళ్లీ తీయండి. నోటితో ఊదితే ఉమ్మి తుంపర పడి ఇంకో మచ్చ తయారవుతుంది. బ్లోయర్‌కు పోయినవి దుమ్ము. పోకుండా గుండ్రంగా ఉండిపోయినవి ఎక్కువగా షట్టర్ చిమ్మిన నూనె చుక్కలు, వాటికి తడి స్వాబ్ కావాలి, ఆ ఖర్చు బేరంలో తగ్గించుకోండి.