రాళ్ల మీద గాలం వేసే ముందు

చిరంజీవులకు తాతయ్య దీవెనలు.

దసరా సెలవులకు వచ్చినప్పుడు రాళ్ల మీద నిలబడి గాలం వేయడం నేర్పమని మీరిద్దరూ అడిగారు. ఫోనులో చెబితే సగం మాటలు మీ చెవిన పడవు కనుక ఉత్తరమే రాస్తున్నాను. గాలానికి ముడి వేయడం ఇక్కడికి వచ్చాక ఒక పూటలో నేర్చుకోవచ్చు. ఈ కాలపు సముద్రం సంగతి మాత్రం ముందే తెలిసి ఉండాలి.

మన కోస్తాలో చాలా చోట్ల ఇసుక తిన్నెలూ, కృష్ణా గోదావరులు తెచ్చిపోసిన మేట నేలలూ ఉంటే, విశాఖపట్నం దగ్గర తూర్పు కనుమలే వచ్చి సముద్రంలో కాలు పెట్టాయి. డాల్ఫిన్స్ నోస్ దగ్గరా, యారాడలోనూ, భీమిలి దారిలోనూ మీరు చూసిన రాళ్లన్నీ ఆ కొండల కొసలే. ఇసుక మీదికి వచ్చే అల దొర్లుకుంటూ వచ్చి నీరసపడుతుంది. రాతికి తగిలిన అల తన బలమంతా ఒక్క దెబ్బలో దించుతుంది. ఆ దెబ్బకు రాతిని పట్టుకుని ఉన్న పీతలూ ఆలిచిప్పలూ ఊడి పడతాయి, చిన్న చేపలు సుడిలో నిలదొక్కుకోలేక తిరుగుతుంటాయి. వాటి కోసం పార, పండుగప్ప వంటి పెద్ద చేపలు తెల్లటి నురగనే చాటు చేసుకుని దాని అంచున కాచుకుని ఉంటాయి. కాబట్టి గాలం దూరంగా విసరగలగడం గొప్ప కాదు. నురగ ఎక్కడ తేలిపోయి నీలి నీరు మొదలవుతుందో అక్కడ, కొన్నిసార్లు మీ కాళ్లకు పది గజాల దూరంలోనే, ఎర పడాలి.

చలి దేశాల్లో శరత్తు వస్తే నీరు చల్లబడి చేపలు కదులుతాయి. మన బంగాళాఖాతంలో అక్టోబరులో కూడా నీరు గోరువెచ్చగానే ఉంటుంది. మారేవి గాలీ, నీటి ప్రవాహమూ. నైరుతి గాలులు తగ్గి ఈశాన్యపు గాలి మొదలయ్యే ఈ రోజుల్లో తీరం వెంట ప్రవాహం ఉత్తరం నుంచి దక్షిణానికి తిరుగుతుంది. గంగా, బ్రహ్మపుత్ర, మహానదుల వరద నీరు కలిసిన ఆ ప్రవాహం వల్ల మన ఒడ్డున పైనీటిలో ఉప్పు పలచబడుతుంది. వాన పడిన మర్నాడు భీమిలిలో గోస్తనీ నది కలిసే చోటికి వెళ్తే మట్టి రంగు నీటికీ పచ్చటి నీటికీ మధ్య గీత గీసినట్టు కనిపిస్తుంది. చేప మట్టి నీటి లోపల వెతకదు, ఆ గీత వెంటే తిరుగుతుంది. ఆటు మొదలై నది నీరు బయటికి లాగుతున్నప్పుడు రొయ్యలూ చేపపిల్లలూ దానితోపాటే కొట్టుకువస్తాయి కనుక అక్కడ పండుగప్పకు ఆటు వేళే మంచిది. రాళ్ల దగ్గర మాత్రం పోటు చివరి రెండు గంటలు నాకు ఎక్కువ కలిసి వచ్చాయి.

పోటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. అమావాస్య, పున్నమి రోజుల్లో నీరు బాగా ఎక్కి బాగా దిగుతుంది. అష్టమి ప్రాంతంలో ఆ తేడా తక్కువ. దీపావళి అమావాస్యనాడు, కార్తీక పున్నమినాడు ఒకే రాయి ఇప్పుడు పొడిగా, కొన్ని గంటలకే నీళ్లలో ఉండవచ్చు. (కార్తీకంలో మీ నాయనమ్మ వంటింట్లోకి చేపను రానివ్వదు, కాబట్టి ఆ నెల పట్టినవి పక్కింటికే.)

ఇక భయం సంగతి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన ఊరి మీదే తీరం దాటింది. 2020 అక్టోబరులో వాయుగుండం గాలులకు ఒక బంగ్లాదేశ్ సరుకు ఓడే కొట్టుకువచ్చి తెన్నేటి పార్కు దగ్గర రాళ్లెక్కింది. మన నెత్తిన ఎండ కాస్తున్నా ఎక్కడో నడిసముద్రంలో పుట్టిన అలలు ఇక్కడికి చేరతాయి. రేవులో ఎగరేసే ప్రమాద సూచికనూ, హైదరాబాదులోని ఇన్‌కాయిస్ (జాతీయ సముద్ర సమాచార కేంద్రం) ఇచ్చే అలల హెచ్చరికనూ ముందు రోజే చూడాలి. సముద్రం లేని ఊళ్లో సముద్రపు కబురు తయారవడం నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది.

రాళ్ల దగ్గరికి చేరాక సంచీ విప్పకుండా పావుగంట కూర్చోండి. పెద్ద అలలు గుంపుగా వస్తాయి, నడుమ చాలాసేపు నెమ్మది ఉంటుంది. ఆ నెమ్మదిని చూసి నేనొకసారి కిందికి దిగి, వెనక్కి తిరిగి ఎర గుచ్చుతుండగా వచ్చిన అల నా సంచీని ఎత్తుకుపోయి, మోకాలి చిప్ప మీద ఈ మచ్చ మిగిల్చింది. తడిసి నల్లబడిన రాయి మీద నిలబడవద్దు, పాచి పట్టిన రాయి మీద అసలు కాలు పెట్టవద్దు, నీటికి వీపు చూపవద్దు. జెల్ల చేప పడితే చేత్తో పట్టుకోబోకండి, దాని ముల్లు విషం.

రాళ్ల సందుల్లో ఎక్కువగా చిక్కుకునేది సీసం గుండు. అందుకే గుండును అసలు తాడుకు కాక, దానికంటే సన్నటి తాడు ముక్కతో వేలాడదీస్తాను. చిక్కుకుంటే ఆ ముక్కే తెగి గుండు పోతుంది, చేప దక్కుతుంది. రొయ్యను తోక వైపు నుంచి గుచ్చి, గాలపు మొన కాస్త బయటికి ఉంచాలి. చేప పడ్డాక కంగారుగా లాగవద్దు. అల వెనక్కి వెళ్తున్నప్పుడు తాడు బిగువుగా పట్టి ఆగండి, తరవాతి అల ఎత్తినప్పుడు దానితోపాటు పైకి తీయండి. అల మోయాల్సిన బరువును తాడు చేత మోయిస్తే తెగేది తాడే.

సీసం పారేయడం నాకు మనస్కరించక ఈ మధ్య గుండుకు బదులు పాత స్పార్కుప్లగ్గులు కడుతున్నాను. మీ వీధిలో మెకానిక్ షెడ్డు ఉంది కదా, అడిగి ఓ పాతిక తెండి. వెనక పట్టీ ఉన్న చెప్పులు కూడా మరిచిపోకండి.

మీ
తాతయ్య