26 గేట్లు ఒక్కసారే ఎత్తితే

చిన్నోడా, చిట్టితల్లీ,

ఎండాకాలం సెలవులకు వచ్చి మీరిద్దరు పోయినంక ఇల్లంత బోసిపోయింది. మొన్న నాయనమ్మ మంచం కింద ఊడుస్తుంటే మీరు గేమ్‌లు ఆడే స్విచ్ డబ్బా చార్జర్ దొరికింది, ఎవరన్న హైదరాబాద్ వచ్చేటోళ్ళు ఉంటే ఇచ్చి పంపుత. దాన్ని చేతిల పట్టుకోంగనే చిన్నోడు ఆ రోజు అడిగింది యాదికొచ్చింది. మైన్‌క్రాఫ్ట్‌ల, అదే బ్లాకులు పేర్చి కట్టే గేమ్‌ల, మీరిద్దరు కలిసి నాగార్జునసాగర్ కట్టిర్రు కద, వారం రోజులు అన్నానికి పిలిచినా లేవకుంట, అసలు డ్యామ్‌కు ఉన్నట్టే 26 గేట్లు పెట్టిర్రు, ఆఖరికి చిట్టితల్లి లీవర్ లాగంగనే గేట్లన్ని ఒక్కసారే లేసి నీళ్ళు దుంకినయి, దుంకుతుండంగనే గేమ్ నిలిచిపోయింది. జర కదిలింది, మళ్ళ ఆగింది, మళ్ళ జర కదిలింది. చిన్నోడు కండ్లల్ల నీళ్ళు పెట్టుకొని "తాతా, వేరే కాడికి పోతే మంచిగనే నడుస్తది, నా డ్యామ్ కాడనే ఎందుకు ఆగుతుంది?" అన్నడు. ఇంకేముంది డిలీట్ చేస్త అని కూడ అన్నడు.

డిలీట్ చెయ్యకు బిడ్డా. ముందుగాల ఆ మాట చెప్పాలనే ఈ ఉత్తరం.

నువ్వు అడిగింది మస్తు మంచి ప్రశ్న. నేను మోటర్ వైండింగ్ షాపు నడిపినన్ని ఏండ్లు రైతులొచ్చి "మోటర్ ఖరాబైంది" అనే అనేటోళ్ళు, ఎప్పుడు ఆగుతుంది, ఎంత సేపటికి ఆగుతుంది అంటే చెప్పేటోళ్ళు తక్కువ. చెప్పినోని మోటర్ నేను మూత విప్పకముందే సగం బాగైనట్టు. నువ్వు "డ్యామ్ కాడనే" అన్నవ్. సగం జవాబు నువ్వే చెప్పినవ్.

మిగిలిన సగానికి మన బాయి ముచ్చట చెప్త. నా చిన్నతనంల మన దిక్కు పొలాలకు కరెంటు మోటర్లు ఇంకా రాలే, మోట కొట్టుడే. బాయి మీద గిరక, గిరక మీద మోకు, మోకుకు పెద్ద తోలు బొక్కెన. ఎడ్లు రెండు వాలుబాటల కిందికి నడిస్తే బొక్కెన పైకొచ్చి తొండం నుంచి నీళ్ళు కాలువల పడతయి, ఎనకకు నడిస్తే మళ్ళ బాయిలకు దిగుతది. మా నాయిన తెల్లారకముందే మోట కట్టేటోడు, నేను పార పట్టుకొని మడుల కాడ నిలబడి ఒక మడి నిండంగనే ఒడ్డు తెంపి ఇంకో మడికి నీళ్ళు మలిపేటోన్ని. మోట తోలుకుంట నాయిన పాట పాడేటోడు, ఎడ్లు ఆ పాట వింటనే నడిచేటియి, పాట ఆగిందంటే ఎడ్లు ఆగినయని నాకు మడి కాడికే తెలిసిపోయేది. ఆ పొద్దటి చలి, తడిసిన మట్టి వాసన, ఆ గిరక కిర్రుమనుడు, ఇప్పటికి గూడ నిద్రల వినపడతయి. మీకు చూపిద్దమంటే ఇప్పుడు ఆ బాయి పూడిపోయింది.

మీ గేమ్‌ల భూమి గూడ అట్లనే మడులు మడులుగ ఉంటది. వాళ్ళు చంక్ అంటరు, మనం మడి అందం. అటు 16 బ్లాకులు, ఇటు 16 బ్లాకులు, అడుగు నుంచి పైదాక 384 బ్లాకుల ఎత్తు. గుణించి చూడుర్రి, ఒక్క మడిల 98,304 గళ్ళు. మట్టో రాయో నీళ్ళో ఒట్టి గాలో, ప్రతి గడిల ఏమున్నదో మిషిన్ యాదికి పెట్టుకోవాలె. 2021 ఆఖర్ల 1.18 అప్‌డేట్ వచ్చేదాక ఎత్తు 256 మాత్రమే, అప్పుడు లెక్క 65,536. అంటే మడి ఒకటిన్నరింతలు అయింది, ఎడ్లు మాత్రం పాతయే. స్విచ్ వచ్చింది 2017 మార్చిల, దాంట్ల ఉన్న టెగ్రా ఎక్స్‌1 అనే చిప్పు 2015 నాటిది, ర్యామ్ 4 జీబీ. చిన్నోని కన్నా వయసుల పెద్ద ఎడ్లు అవి. అరచేతుల పట్టేంత డబ్బాల, బ్యాటరీ మీద ఇంత పని చేస్తున్నయంటే నాకు వాటి మీద గౌరవమే.

ఇప్పుడు బొక్కెన కాడికొద్దం. గేమ్ సెకనుకు 20 బొక్కెనలు తోడుతది. దాన్ని టిక్ అంటరు, ఒక్కో దానికి 50 మిల్లీసెకన్లు. ఆ ఒక్క బొక్కెనలనే ఆవు ఎటు నడవాల్నో, కోడి ఎటు దుంకాల్నో, నీళ్ళు ఏ గడిలకు పారాల్నో, బ్లాకులను తోసే పిస్టన్ కదలాల్నా వద్దా అన్ని తేలాలె. మా నాయిన చేసే పని అది. ఇంకో పని నాది, మడి కాడ పార పట్టుకొని నిలబడ్డోనిది, అంటే అక్కడ జరిగింది మీ కండ్లకు బొమ్మ గీసి చూపించుడు. స్విచ్ తెర సెకనుకు 60 బొమ్మల దాక చూపగలదు, ఒక్క బొమ్మకు 16 మిల్లీసెకన్ల చిల్లర దొరుకుతది అంతే. నాయిన కాడ ఆలస్యమైతే ఆవులు, నీళ్ళు నత్తనడక నడుస్తయి. నా కాడ ఆలస్యమైతే తెర గుంజినట్టు అయితది. ఇద్దరం ఒక్కసారే తడబడితే చిట్టితల్లి లీవర్ లాగిన రోజు లెక్క అయితది.

ఆ రోజు ఏమైందో ఇప్పుడు చూడుర్రి. గేట్లు లేసినయి. ఒక్కో గేటు కాడ నీళ్ళు కింద పడి చుట్టు పారినయి, ఆ గేమ్‌ల నీళ్ళు సదరు నేల మీద ఊట కాడి నుంచి 7 గళ్ళ దాక పోతయి, ఒక్కో గడి దాటినప్పుడల్ల పక్క గడిని "నువ్వు ఖాళీయేనా, నేను రావాల్నా" అని అడగాలె. ఇదంత నాయిన పని. ఒక్క బ్లాకు మారితే ఆ బ్లాకు ఉన్న ముక్క, అంటే అటు 16, ఇటు 16, ఎత్తు 16 గళ్ళది, మొత్తం బొమ్మ మళ్ళ తయారు చెయ్యాలె, వెలుగునీడలు మళ్ళ లెక్కపెట్టాలె, అది నా పని. గీ పని 26 కాడ, ఒక్కసారే. దాని పక్కనే మీరు కోళ్ళ దొడ్డి పెట్టిర్రు, ఎన్ని కోళ్ళో మీకే లెక్క తెలువది, అవి ఒకదాన్నొకటి తోసుకుంటుంటే ఎవరు ఎవరిని తోసిర్రో గూడ ప్రతి బొక్కెనల లెక్కకొస్తది. దొడ్డి అవతల పెట్టుర్రి, కోళ్ళు తక్కువ చెయ్యిర్రి.

మా నాయిన ఎడ్లను ఎన్నడు కొట్టలే. పొద్దెక్కి అవి ఒగరుస్తుంటే మోకు విప్పి నీడకు కట్టేసేటోడు, మిగిలిన మడి సాయంత్రం తడుపుదం అనేటోడు. నీళ్ళు చాలని ఏడాది మడులే తక్కువ నాటేటోడు. మనం నడిపించే దానికి, అది జీవి గాని మిషిన్ గాని, ఎంత చేతనైతదో తెలుసుకొని పని చెప్పాలె బిడ్డా. మీ సెట్టింగ్స్‌ల రెండర్ డిస్టెన్స్ అని ఉంటది, ఎంత దూరం దాక మడులు కనపడాలె అనేది. దాన్ని రెండింతలు చేస్తే పని రెండింతలు గాదు, చుట్టు నాలుగు దిక్కుల పెరుగుతది గనుక నాలుగింతలైతది. తగ్గిస్తే దూరం గుట్టలు మంచుల పోతయి, డ్యామ్ మాత్రం మీ ముందే ఉంటది. సిమ్యులేషన్ డిస్టెన్స్ అని ఇంకొకటి, ఎంత దూరం దాక నీళ్ళు పారాలె, కోళ్ళు నడవాలె అనేది, అది 4 మీద పెట్టుర్రి.

ఇంకో సంగతి, ఆ రోజు మీరు ఆడింది మే నెల మిట్టమధ్యాహ్నం, రేకుల కింద. మన నల్లగొండ ఎండల సంగతి తెలుసు కద, 44 డిగ్రీలు. ఆ డబ్బాను 5 నుంచి 35 డిగ్రీల నడుమ వాడాలెనని చేసినోళ్ళే చెప్పిర్రు. మోటర్ వేడెక్కితే వైండింగ్ కాలుతది, అట్ల ఖరాబు కావొద్దనే స్విచ్ మరీ వేడైతే తనంతట తనే నిద్రపోతది. పై అంచుకు సన్నటి చీలిక లెక్క ఉంటది, ఫ్యాన్ వేడిగాలి వదిలేది అక్కడి నుంచే, పరుపు మీద పెట్టి దాన్ని ముయ్యొద్దు. పొద్దుగాల ఆడుర్రి, పగలు లోపలి అర్రల ఆడుర్రి.

మీరు పోయినంక నేను దీని గురించి అడిగి తెలుసుకుంటుంటే ఒక ముచ్చట విని ఆ రాత్రి నిద్ర పట్టలే. మీరు నడిచి పోనిదాక ఆ గేమ్‌ల ముందున్న భూమి ఇంకా తయారే గాదంట. మీరు అటు పోతుంటే అప్పటికప్పుడు మడి వెనక మడి పుడుతది, అందుకే కొత్త జాగకు ఉరికితే గూడ జర తడబడుతది. కాని ఏ గుట్ట ఏడ లేవాలె, ఏ వాగు ఏడ పారాలె అనేది ముందే ఖాయమై ఉంటదంట, అంత ఒక్క అంకెల! ఆ అంకెను సీడ్ అంటరు, అంటే విత్తనమే. అదే వెర్షన్‌ల అదే అంకె ఇస్తే అమెరికాల ఉన్న పిలగానికి గూడ మీ గుట్టే, మీ వాగే వస్తది. జొన్నగింజను గోటితో గీకి చూసినా లోపల తెల్లటి పిండే కనపడతది, ఆ కంకి యాడ దాసుకుంటదో. ఈ సంగతి నాయనమ్మకు చెప్తే ఆమె చేటల గింజలు చేతిలకు తీసుకొని చానసేపు చూసింది. మీరు గూడ ఒక గింజ పట్టుకొని చూడుర్రి.

డ్యామ్ సంగతి. అసలు సాగర్ ఎత్తు 124 మీటర్లు, గేమ్‌ల ఒక బ్లాకు ఒక మీటర్ అనుకుంటరు గనుక 124 బ్లాకులు, మీ మడి ఎత్తుల ఖుషీగ పడుతది. 1955 డిసెంబర్ 10న నెహ్రూ పునాదిరాయి ఏసిండు, 1967 ఆగస్టు 4న కాలువలకు నీళ్ళు వదిలిర్రు. మీ లెక్కనే రాయి మీద రాయి పేర్చి కట్టిన డ్యామ్ అది. మా మేనమామ అక్కడ రాళ్ళు మోసిండు, ఆయన భుజం మీద కాయ కాసిన జాగ నేను చేత్తోని తాకి చూసిన. గేటు లేసినప్పుడల్ల నాకు ఆ భుజమే యాదికొస్తది.

అందుకే అంటున్న, దాన్ని చెరపకు. ఒక్క లీవర్‌కే 26 గేట్లు కట్టకుంట, నడుమ రిపీటర్లు, అంటే లీవర్ సంకేతాన్ని జర ఆపి ముందుకు పంపే బ్లాకులు, పెట్టుర్రి, ఒక్కో రిపీటర్ 0.4 సెకన్ల దాక ఆపుతది, వరుసగ పెట్టుకుంట పోతే గేట్లు ఒకదాని ఎనక ఒకటి లేస్తయి.

వానలు మంచిగ పడి కృష్ణకు వరదొస్తే, శ్రీశైలం నిండినంక సాగర్ గేట్లు ఎత్తుతరు. మీ నాయినకు చెప్త, ఆదివారం చూసుకొని తోలుకొస్తడు, ఇక్కడి నుంచి అందరం కలిసి పోదం. ముందుగాల ఎన్ని గేట్లు ఎత్తి ఉన్నయో, ఏ గేటు కాడి నుంచి మొదలుపెట్టిర్రో, ఎంత ఎత్తు లేపిర్రో, ఎంత సేపటికి ఇంకోటి లేపిర్రో చిట్టితల్లి నోట్‌బుక్కుల రాసుకోవాలె. చిన్నోడు ఆ లెక్క చూసుకొని రిపీటర్లు పెట్టాలె. పెట్టినంక నాకు వీడియో కాల్ చేసి లీవర్ లాగుర్రి.

మీ తాత
దేవరకొండ