బేవుల్ఫ్‌లో దేవుడు, వీరుడు: అపోహలు - వాస్తవాలు

ఎం.ఏ. ఇంగ్లిష్ విద్యార్థులకు ఆంగ్లో-సాక్సన్ కవిత్వం, అంటే పాత ఇంగ్లిష్‌లోని కవిత్వం పాఠం చెబుతుంటాను. అందులో ముఖ్యమైనది బేవుల్ఫ్ కావ్యం: డేన్ల (డెన్మార్క్ ప్రజల) రాజసభను పీడించే గ్రెండెల్ అనే రాక్షసుణ్ణి, వాడి తల్లిని చంపే బేవుల్ఫ్ అనే వీరుడి కథ. పరీక్ష గైడ్లలో చదివి వచ్చే కొన్ని అభిప్రాయాలు ఈ కవిత్వాన్ని మన దాకా రానివ్వవు. అందుకే ఈ పోస్టు.

అపోహ: బేవుల్ఫ్ అసలు అన్యమత కావ్యం. దేవుడి మాటలన్నీ తర్వాత సన్యాసులు అతికించినవే.

వాస్తవం: 19వ శతాబ్దంలో పండితులే చాలామంది ఇలా అనుకున్నారు. కానీ ఆ మాటలు తీసేస్తే కథ నిలవదు. గ్రెండెల్ ఎవరు? బైబిల్లో తమ్ముణ్ణి చంపిన కయీను వంశంవాడు. రాజసభలో దేవుడి సృష్టిని గానం చేస్తుంటే వినలేక రగిలిపోతాడు. గ్రెండెల్ తల్లి ఉండే మడుగు అడుగున బేవుల్ఫ్‌కు దొరికిన రాక్షస ఖడ్గం పిడి మీద బైబిల్లోని జలప్రళయం కథ ఉంటుంది. ఆ పిడిని చూసే డేన్ల ముసలి రాజు హ్రోత్‌గార్, గెలిచి వచ్చిన కుర్ర వీరుడు బేవుల్ఫ్‌కు గర్వం వద్దని చెబుతాడు. నీ బలం కొన్నాళ్లే, రోగమో కత్తో నిప్పో ముసలితనమో దాన్ని లాగేసుకుంటుందంటాడు. నాకు కావ్యం మొత్తంలో ఇదే గుండెకాయ. ఇది అతుకు ఎలా అవుతుంది?

అపోహ: అయితే బేవుల్ఫ్ క్రీస్తుకు ప్రతీక.

వాస్తవం: 3182 పాదాల్లో క్రీస్తు పేరు ఒక్కసారీ రాదు. బైబిలు కథల ప్రస్తావనలు పాత నిబంధనవే. డేన్లు కష్టంలో విగ్రహాలకు మొక్కుతారు, బేవుల్ఫ్‌ను చితి మీద కాలుస్తారు. కవి క్రైస్తవుడు, అతని వీరులు కారు. వాళ్ల మంచితనాన్ని మెచ్చుకుంటూనే, నిజదేవుణ్ణి ఎరగలేదని బాధపడతాడు. అందరికీ ఆ ఉదారత లేదు. 797లో ఆల్క్విన్ అనే క్రైస్తవ పండితుడు ఒక బిషప్‌కు రాస్తూ, అన్యమత వీరగాథల్లోని ఇంగెల్డ్‌కూ క్రీస్తుకూ ఏం సంబంధమని నిలదీశాడు. ఆ ఇంగెల్డ్ బేవుల్ఫ్‌లోనూ కనిపిస్తాడు.

అపోహ: విధిని నమ్మితే దేవుణ్ణి నమ్మనట్టే.

వాస్తవం: గ్రెండెల్ ఇంకా ఎందర్నో చంపేవాడే, దేవుడూ ఒక మనిషి ధైర్యమూ కలిసి ఆ విధిని ఆపాయంటాడు కవి.

అపోహ: క్రైస్తవం వచ్చాక వీరత్వం మెత్తబడింది.

వాస్తవం: 'ది డ్రీమ్ ఆఫ్ ద రూడ్' (సిలువ గురించిన కల) అనే పాత ఇంగ్లిష్ కవిత చదవండి. అందులో సిలువే మాట్లాడుతుంది. క్రీస్తు యుద్ధానికి సిద్ధమైన యువ వీరుడిలా తనంతట తానే బట్టలు విప్పి సిలువ ఎక్కుతాడు. సిలువ ఆయనకు నమ్మకమైన అనుచరుడు. శత్రువుల్ని పడగొట్టే బలం ఉన్నా, ప్రభువు మాట మీరి వంగకూడదు. యజమాని కోసం ప్రాణమివ్వాల్సిన సేవకుడు ఆయన చావుకే సాధనం కావాల్సి వచ్చింది. వీరధర్మం, క్రైస్తవం అనే రెండు విలువలూ ఇంతగా ఒరుసుకున్న చోటు నాకు ఇంకోటి కనబడలేదు. స్కాట్లాండ్‌లోని రత్‌వెల్ రాతి సిలువ మీద ఈ కవితను పోలిన పాదాలు రూన్ అనే ప్రాచీన లిపిలో చెక్కి ఉన్నాయి. 991లో ఇంగ్లండ్‌లో వైకింగులతో జరిగిన మాల్డన్ యుద్ధం మీది కవితలోనూ అంతే: చనిపోతూ నాయకుడు బిర్త్‌నోత్ దేవుడికి కృతజ్ఞత చెప్పి ఆత్మను అప్పగిస్తాడు, కొందరు పారిపోయినా, ఓటమి ఖాయమని తెలిసినా అతని నమ్మకమైన అనుచరులు వెనక్కి తగ్గరు.