నుసుము పది రోజులు బతికితే

"అడవి అంచున మేపుకొచ్చిన జీవాలకే మూతి వాపు ఎందుకెక్కువ వస్తుంది?" అని తాడ్వాయి దగ్గరి నుంచి ఒకాయన అడిగారు. నిజంగా ఎక్కువో కాదో మందలు లెక్కపెట్టి చూడాల్సిందే కానీ, ప్రశ్న మాత్రం భలే చోట తగిలింది.

ఆయన అడిగేది గొర్రెల మూతి వాచే నీలి నాలుక (బ్లూటంగ్) అనే వైరస్ వ్యాధి గురించి, అదెలా ఉంటుందో గొల్ల కురుమలకు నేను చెప్పేదేముంది. గొర్రె నుంచి గొర్రెకు తాకితే అంటదు, మనుషులకు రాదు. వైరస్‌ను మోసేది క్యూలికాయిడిస్ అనే నుసుము, అంటే రక్తం తాగే బుల్లి ఈగ. ఈ సంగతి 1944లో దక్షిణాఫ్రికాలో డు టాయిట్ అనే శాస్త్రవేత్త తేల్చాడు. నుసుము ఒళ్లంతా కలిపి 1 నుంచి 3 మిల్లీమీటర్లే, మామూలు దోమతెర కన్నాల్లోంచి కూడా దూరిపోతుంది. పేడ కలిసిన బురద దొరికితే గుడ్లు పెడుతుంది, అంటే వానకాలంలో మన దొడ్డి చుట్టూ దానికి లోటే లేదు.

బడిలో "పురుగు కుడితే రోగం వస్తుంది" అని ఒక్క వాక్యంలో తేల్చేస్తారు, నాకు ఒళ్లు మండేది అక్కడే. వైరస్ ఉన్న పశువు రక్తం తాగిన నుసుము ఆ రోజే ఇంకో గొర్రెను కుడితే సాధారణంగా ఏమీ కాదు. వైరస్ ముందు దాని పేగు గోడలో పెరగాలి, గోడ దాటి ఒంట్లోకి రావాలి, చివరికి లాలాజల గ్రంథుల్లోకి చేరాలి. 25 డిగ్రీల వేడిలో దీనికి పది రోజుల పైమాటే అనుకోండి. దాదాపు 12 డిగ్రీల కంటే చల్లబడితే వైరస్ పెరగడమే ఆగిపోతుంది. మరి అన్ని రోజులు నుసుము బతకాలి కదా!

ఇది చక్రవడ్డీ లెక్కే, కాకపోతే తలకిందులుగా నడుస్తుంది, రోజూ అసలు తరుగుతుంది. వైరస్ తాగిన నుసుములు వెయ్యి ఉన్నాయనుకుందాం. రోజుకు నూటికి 10 చస్తే పదో రోజుకు దాదాపు 349 మిగులుతాయి. నూటికి 20 చస్తే? సగం మిగులుతాయనిపిస్తుంది, మిగిలేవి 107. గడువు పదిహేను రోజులకు పెరిగితే 206, 35, అంటే తేడా ఆరింతలకు దగ్గర. వడ్డీ రేటు కాస్త అటుఇటైతే అప్పు ఎక్కడికి పోతుందో మనూళ్లో తెలియని వాళ్లుండరు, ఇక్కడా అంతే. అందుకే దొడ్డిలో ఎన్ని నుసుములు ఉన్నాయన్న దానికంటే అవి రోజుకు ఎన్ని చస్తున్నాయన్నదే నాకు పెద్ద ప్రశ్న. వేడి పెరిగితే వైరస్ తొందరగా సిద్ధమవుతుంది, కానీ నుసుమూ తొందరగా చస్తుంది. నీడ, తేమ ఉన్న చోట అది ఇంకో నాలుగు రోజులు నిలబడొచ్చు. అడవి మీద నా అనుమానం ఇదే.

పైగా ఆవులు, బర్రెలు పెద్దగా జబ్బు కనిపించకుండానే వారాల తరబడి రక్తంలో వైరస్ మోస్తాయి. అమెరికాలో తెల్లతోక జింకలు ఈ రోగంతో చచ్చిపోతాయి కూడా. మన అడవిలో దుప్పి, కణుజు ఇందులో ఏ పాత్ర వేస్తున్నాయో చూడాలంటే వాటి రక్తంలో యాంటీబాడీలు (వైరస్ సోకితే ఒంట్లో తయారయ్యే రక్షణ పదార్థాలు) వెతకాలి, నుసుము తాగిన రక్తం ఏ జంతువుదో పీసీఆర్ అనే డీఎన్‌ఏ పరీక్షతో తేల్చాలి.

దిష్టి తీసి మందకు నల్లతాడు కట్టేవాళ్లున్నారు, దానితో నుసుముకు ఏమీ కాదు. పొద్దుగూకేటప్పుడు వేపాకు పొగ వేసేవాళ్లను మాత్రం నేను ఎగతాళి చేయను, నుసుము ఎక్కువగా కుట్టే వేళ అదే మరి. అయినా పొగను నమ్ముకుని టీకా మానొద్దు. మన దేశంలో ఈ వైరస్‌లో 1, 2, 10, 16, 23 నంబర్ల రకాలకు కలిపి ఒకే టీకా తయారైంది, పశువైద్యుడిని అడిగి వానలకు ముందే వేయించండి.

రోజుకు ఎన్ని చస్తున్నాయో కనుక్కోవడానికి ఒక చక్కని ఉపాయం ఉంది. అతినీలలోహిత లైటు, చిన్న ఫ్యాను ఉన్న ట్రాప్‌లో నుసుములను రాత్రంతా పట్టి, పొద్దున మైక్రోస్కోప్ కింద పెడతారు. ఒకసారి గుడ్లు పెట్టొచ్చిన ఆడదాని పొట్టలో ముదురు ఎరుపు రంగు కనిపిస్తుంది. నూటికి 60 అలా ఉండి, రక్తం తాగడం నుంచి గుడ్లు పెట్టడం దాకా నాలుగు రోజులు పడితే, నాలుగు రోజులు గట్టెక్కినవి నూటికి 60 అన్నమాట, రోజు లెక్కకు 0.60కి నాలుగో మూలం తీయండి: 0.88. అంటే రోజుకు నూటికి 12 చస్తున్నాయి. ఒకే రాత్రి ఒక ట్రాప్ అడవి అంచున, ఒకటి ఊరి చెలకలో పెట్టి, వానకాలమంతా ఇలాగే లెక్క తీస్తే, ఆయన ప్రశ్నకు జవాబు సగం దొరికినట్టే. మిగతా సగం ఆ అడవి అంచున ఎవరి రక్తం తాగుతున్నాయన్నది.